చింతగింజల కంప్యూటర్

“బావా, నీకొక ముచ్చట చెప్పాలె.”

“రేపు చెప్పు లచ్చీ. ఇయ్యాల ఇనేటందుకు దమ్ము లేదు.”

“సరే, రేపే చెప్త.”

నల్లగొండ దవాఖానలో ఒక మధ్యాహ్నం నాకూ నా పెనిమిటి సైదులుకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆ రేపు ఆయనకు రాలేదు. నేను చెప్పాలనుకున్న ముచ్చట నా పదేళ్ళప్పటిది. అంతకాలం కడుపులో దాచుకున్నదాన్ని ఇంకొక్క రోజు దాచుకుంటే ఏమవుతుందిలే అనుకుని ఊరుకున్నాను. నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా బిడ్డ స్వప్న రాస్తోంది.

ఇప్పుడు నా ఒళ్ళో బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉంది. అందులో అరచేయంత నల్లటి పలుచని పలక. పాత కంప్యూటర్లలో రాసింది దాచుకునేది, ఫ్లాపీ అంటారు దాన్ని. మూత తీస్తే నాకు పసుపు వాసన వస్తుంది. మా బిడ్డ వాసన చూసి, తుప్పు కంపు తప్ప ఏమీ లేదమ్మా అంటుంది.

మా అమ్మ నన్ను కని పోయింది. మేళ్లచెరువు వైపు పల్లెలో మా మేనమామ ఇంట్లో, అవ్వ చేతి కింద పెరిగాను. సున్నపురాయి నేల అది. ఎండాకాలం గాలి లేస్తే చింతాకుల మీద, ఆరేసిన చీరల మీద, గంజిలో సైతం తెల్లటి దుమ్ము పడేది. తొలకరి వాన కురిస్తే వాకిట్లో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలాగా పారేవి. మాఘం దాటాక చింతపండు కొట్టే పని ఇంటింటా ఉండేది. అవ్వ కాళ్ళు చాపుకుని గింజ తీస్తుంటే, ఆ గింజలను మంగలంలో వేయించి, పొట్టు ఊది, రోజంతా బుగ్గన పెట్టుకుని తిరిగేవాళ్ళం. మామ గనిలో రాయి కొట్టేవాడు. ఆయన కొడుకే సైదులు. నాకు బావ. నన్ను బడి మాన్పించి మేకల వెంట పంపిన ఏడాదే ఆయన తొమ్మిదో తరగతికి వచ్చాడు.

ఆ ఏడే వాళ్ళ హైస్కూలుకు సర్కారు రెండు కంప్యూటర్లు పంపింది. కిటికీలకు పరదాలు కట్టి, తలుపుకు పెద్ద తాళం వేసి వాటిని ఒక గదిలో పెట్టారు. పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. లెక్కల సారు నలుగురు పిల్లలను ఏరి ప్రోగ్రాములు రాయడం నేర్పించేవాడు. వారానికి ఒక్కసారి, అరగంట. ఆ అరగంట కోసం బావ మిగిలిన వారమంతా ఇంటి దగ్గర కాపీ పుస్తకంలో రాసుకునేవాడు. రాసింది సరిగ్గా నడుస్తుందో లేదో చూసుకోవాలంటే మిషన్ కావాలి కదా. ఆ మిషన్ నేనే అయ్యాను.

వాకిట్లో నాలుగు మట్టి గురుగులు వరుసగా పెట్టి, నా ఒడి నిండా చింతగింజలు పోసేవాడు. తాను గడప మీద కూర్చుని కాపీ చూసి ఒక్కొక్క వరుస చదివేవాడు. మొదటి గురుగులో ఐదు వెయ్యి, రెండో దాంట్లోంచి ఒకటి తియ్యి, ఇంకా మిగిలి ఉంటే వెనక్కి మూడో వరుసకు పో. నేను గింజలు వేస్తూ తీస్తూ ఉండేదాన్ని. మిషన్‌కు సొంత తెలివి ఉండదని, చెప్పింది చేయడం, చెప్పనిది మానడం ఒక్కటే దాని పని అని ఆయన నేర్పించాడు. ఒకసారి ఆపమనే వరుస రాయడం మరిచిపోయి నీళ్ళకు పోయాడు. తిరిగి వచ్చేసరికి మేకలు అవ్వ ఎండేసిన జొన్నల మీద పడి ఉన్నాయి, నేను మాత్రం తల ఎత్తకుండా రెండు గురుగుల మధ్య అదే గింజను అటూ ఇటూ వేస్తూనే ఉన్నాను. అవ్వ ఇద్దరినీ చీపురుతో కొట్టింది. దెబ్బలు తింటూనే బావ నవ్వాడు. “మా మిషన్ మస్తు మంచిది, రాసినోడే పిచ్చోడు” అన్నాడు.

బస్సుల దగ్గరి హోటల్లో మిర్చీలు కట్టిచ్చే పాత పేపర్లలో కంప్యూటర్ కబురు ఏదన్నా కనబడితే, నూనె మరకలతోనే చించి తెచ్చి, అన్నం మెతుకులతో ఒక కాపీలో అంటించేవాడు. ఆ కాపీ తెరిస్తే ఉల్లిగడ్డ కారం వాసన వచ్చేది, చీమలు పట్టేవి. చంకలో పెట్టుకుని పోయే కంప్యూటర్లు వచ్చాయట, దేశాల మీద ఉన్నవాళ్ళు వాటిలోనే ఉత్తరాలు రాసుకుంటారట, రేపో మాపో ఇంటింటికీ వస్తాయట అని చదివి వినిపించేవాడు. “ఇంట్ల కరెంటు బుగ్గకే దిక్కు లేదు, కంప్యూటరొస్తదట పోరనికి” అని అవ్వ మూతి తిప్పేది.

పదో తరగతిలో ఆయన గుంతల్లో చింతగింజలు పంచుతూ ఆడే మన వానగుంతల ఆటనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. మనిషి ఒక ఎత్తు వేస్తే మిషన్ ఎదురు ఎత్తు వేస్తుంది. లెక్కల సారు సంబరపడి, నల్లగొండలో జరిగే జిల్లా సైన్సు ప్రదర్శనకు పేరు రాశాడు. అక్కడ ఎంపికైతే హైదరాబాద్‌లో హాస్టల్, పైచదువు. మామ ఆలోచించి ఒక్కటే మాట అన్నాడు. “గిదొక్కటి చూస్తం. గాలేదనుకో, పదో తరగతి అయినంక నాతోని గనికి రావాలె.”

దసరా సెలవులకు సారు ఊరికి పోతూ, బడి గది కురుస్తుందని, ఆట దాచిన ఆ ఫ్లాపీని బావ చేతికిచ్చాడు. ఉన్నది అదొక్కటే. ఎండలో పెట్టొద్దు, వంచొద్దు, అయస్కాంతం దగ్గరికి తేవద్దు అని బావ నాకు మూడుసార్లు చెప్పి, దాన్ని దూలం మీది గూట్లో పెట్టాడు.

ఇల్లంతా తంగేడు పూల పచ్చి వాసన, సద్దుల బతుకమ్మకు చేసిన మలీద ముద్దల బెల్లం వాసన. పండుగ నాడు అవ్వ మామ సమ్మెటను, గడ్డపారను కడిగి పసుపు రాసి బొట్లు పెట్టింది. కొడవలికి పెట్టింది, చాటకు పెట్టింది, కత్తిపీటకు పెట్టింది. మగవాళ్ళు జమ్మికి పోయారు, అవ్వ నీళ్ళకు పోయింది. అందరి పనిముట్లకూ బొట్టు ఉంది, బావ పనిముట్టుకు లేదు. రేపు అంత దూరం పోయి ఆడాల్సింది అదే కదా అనిపించింది.

గూట్లోంచి తీశాను. నల్లటి అట్ట మీద పసుపు నిలవలేదు. దాని నడుమ పొడుగాటి సందులో అద్దంలాగా మెరిసే గోధుమరంగు బిళ్ళ కనబడింది. రాసిందంతా దాని మీదే ఉంటుందని తెలియక, అదే దాని ముఖం అనుకున్నాను. తడి పసుపు మూడు వేళ్ళతో రాసి, నడుమ కుంకుమ పెట్టి, దండం పెట్టుకున్నాను. అవ్వ అడుగుల చప్పుడు వినబడగానే లంగా కొసతో తుడిచి, కవరులో దోపి పైన పెట్టాను. పసుపు పెట్టొద్దని నాకెవరూ చెప్పలేదు.

ఇక్కడ మా బిడ్డ కలం ఆపి నా ముఖం చూసింది. రాయి, అన్నాను.

ప్రదర్శన రోజు బావ ఇస్త్రీ అంగీతో పోయాడు. అంతా ఫ్లాపీలోనే ఉంది కదా అని ప్రోగ్రాము రాసుకున్న కాపీని ఇంట్లోనే వదిలిపోయాడు. పొద్దుగూకేవేళ వచ్చి గడప మీద కూర్చున్నాడు. మిషన్ దాన్ని చదవలేదని, చెమ్మ తగిలి ఉంటుందని సారు అన్నాడని చెప్పాడు. బావ ఫ్లాపీని వెలుతురుకు పెట్టి ఆ సందు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని నా ఒళ్ళో వేసి, “ఉంచుకో, ఆడుకో” అన్నాడు. గురుగులు మళ్ళీ వాకిట్లోకి రాలేదు.

పరీక్షలు అయిన వారానికే సమ్మెట పట్టాడు. నేను ఈడుకొచ్చాక నన్నే చేసుకున్నాడు. మూతికి తువ్వాలు చుట్టుకుని ఇరవై ఏళ్ళకు పైగా రాయి కొట్టాడు. పేపర్ చదవడం మాత్రం మానలేదు. ఊళ్ళోకి సెల్ ఫోన్లు వచ్చినప్పుడు, “గప్పుడే చెప్పిన గదా లచ్చీ” అని దగ్గుకుంటూ నవ్వాడు. ప్రతి దసరాకు నేను ఆయన సమ్మెటకు బొట్టు పెడుతుంటే లేచి వాకిట్లోకి పోయేవాడు. తెలిసి పోయేవాడో, దగ్గొచ్చి పోయేవాడో నాకు తెలియదు. చెప్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెబితే ఆయన కోపం చేయడు, ఆ ఆట మళ్ళీ యాదికొస్తుంది, అదే నా భయం.

ఇప్పుడు ఆ చింతచెట్లు లేవు, గని పెరిగి మింగేసింది. అవ్వ లేదు, మామ లేడు. మెతుకులతో అంటించిన కాపీని చెదలు తిన్నాయి. మేకలు కాసే పిల్లల చేతిలో కూడా ఫోను ఉంది, అందులో వానగుంతలు ఆడుతున్నారని మా బిడ్డ చూపించింది. ఎవరు రాశారో అడిగాను. తెలియదంది.

వాకిట్లో ఆయన ఊపిరి కోసం కూర్చునే నులక మంచం అట్లాగే ఉంది. అటు తిరిగి కూర్చో బిడ్డా, రాసింది చాలు.

“ఇగ మొదటి నుంచి సదువు. దసరా కాడికొచ్చినంక గొంతు తగ్గియ్యకు. మీ నాయినకు ఇనబడాలె.”