చెరువుకు గండి కొట్టిన వీరుడు

ఆ రోజుల్లో మా పల్లెకు వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవారు గానీ, బొమ్మల కథల మాసపత్రిక ఏ బస్సులో వస్తుందో నేను చెప్పగలిగేదాన్ని. శింగనమల దగ్గర మా ఊరికంతా ఒకటే ప్రతి, మా బడి అయివారి పేరు మీద వచ్చేది. ఆయన చదివాక నాకిచ్చేవారు (బడిలో తడుముకోకుండా చదివేది నేనొక్కదాన్నేనని నాకు కొంచెం పొగరు కూడా). అందులో ముసుగు వేసుకుని ఆకాశంలో ఎగిరే వజ్రభుజుడంటే నాకు ప్రాణం. మా నాయన నీరుగంటి. చెరువు తూము తెరిచి, ఏ మడికి ఎన్ని నీళ్లో చూసి వదలడం ఆయన పని. చదువు రాదు. సాయంత్రం అరుగు మీద నేను చదువుతుంటే బీడీ కాలుస్తూ వినేవాడు.

ఒక సంచికలో వజ్రభుజుడు ఒక్క గుద్దుతో చెరువుకు గండి కొట్టి ఎనభైమంది దొంగలను ముంచేశాడు. నేను చప్పట్లు కొట్టాను. నాయన బీడీ ఆర్పేశాడు.

"గండి కొట్టినాడా? కట్ట కింద మళ్లు ఏమైనాయి?"

పేజీ తిప్పి చూశాను. రాకుమారి వజ్రభుజుడికి దండ వేస్తోంది. "మళ్ల గురించి రాయలేదు నాయనా."

"రాయకుంటే ఎట్ల? కార్డు తీస్కో. మీవోడు వీరుడు కాదు, ఎడ్డోడు. దొంగల్ని పట్టేకి ఊరి నీళ్లు పోగొడతాడా? ఇట్ల రాయి."

నేను రాశాను. కానీ అలా కాదు. ఎడ్డోడంటే వజ్రభుజుడి మనసు నొచ్చుకుంటుందని, "గండి కొట్టిన ఘట్టం అమోఘం. ఇంకా పెద్ద చెరువులకు కొట్టించండి" అని రాసి, కింద నాయన పేరు, నీరుగంటి అని ఉద్యోగం కూడా చేర్చి పోస్టు డబ్బాలో వేశాను (ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను).

రెండు నెలలకు అది పాఠకుల లేఖల్లో అచ్చయింది. మా ఊరి మనిషి పేరు పడిందని అయివారు మురిసిపోయి, రచ్చబండ దగ్గర రైతులందరికీ చదివి వినిపించారు. వాళ్లు తిన్నగా మా ఇంటికొచ్చారు.

"ఏమప్పా, కట్ట తెగితే నీకంత కుశాలా? ఇంగ నిన్ను నమ్మి చెరువు ఎట్ల ఇడిసేది? ఇంకో నీరుగంటిని చూసుకుంటాం."

నాయన నావైపు చూశాడు. నేను ఏడుపు మొదలుపెట్టి, మొత్తం చెప్పేశాను. రైతులు ముందు నోళ్లు తెరిచారు, తర్వాత నవ్వలేక చచ్చారు. నాయన మాత్రం నవ్వలేదు. చేయి పట్టుకుని చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎండలో నడిపించాడు. "ఇంకా పెద్దది కావాలంటివి గదా. ముందు దీన్ని నడువు."

తిరిగొచ్చాక, నాయన అన్నది అన్నట్టే ఇంకో కార్డు రాశాం. ఈసారి అయివారు పక్కనే కూర్చున్నారు. అదీ అచ్చయింది, కింద సంపాదకుల మాటతో సహా: "ఈ పాఠకుడే మొన్న ఇంకా పెద్ద చెరువులు అడిగారు. ఏది నిజమో వారే తేల్చుకోవాలి." ఆ తర్వాతి సంచికలో వజ్రభుజుడు తట్టతో మట్టి మోసి గండి పూడ్చాడు. నాయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "పర్వాలేదు, మనిషైనాడు" అన్నాడు.

ఇప్పుడు నాకు ఆనాటి నాయన కంటే ఎక్కువ వయసు. కాగితం మీది వీరుడు బాధపడతాడని భయపడి, ఎదురుగా కూర్చున్న మనిషి మాట మార్చేసిన ఆ పిల్లను తలచుకుంటే కోపం రాదు. దగ్గరికి పిలిచి జడ సరిచేసి, "పోనీలే, వాడు నిజంగానే బాగా ఎగిరేవాడు" అనాలనిపిస్తుంది.