కింద ఎనిమిది లేని కొలత

ఆదెయ్య మేస్త్రికి అరా పావూ తెలియక కాదు. అంగడిలో పావు కిలో బెండకాయలు అడుగుతాడు, దుకాణంలో అర గ్లాసు టీ చెప్తాడు. చెక్క ముందు కూర్చుంటే మాత్రం ఆయనకు తెలిసిన లెక్క ఒక్కటే, నూలు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు. అర అంగుళాన్ని నాలుగు నూళ్ళంటాడు, ముప్పావును ఆరు నూళ్ళంటాడు. చీటీ మీద 4/8, 6/8 అని రాస్తాడు. కింద ఎప్పుడూ ఎనిమిదే కాబట్టి దాన్నెవరూ చదవరు. పైఅంకె చూసి అన్ని నూళ్ళు కొలిచి కోసేస్తారు.

ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆయనది తోటపల్లి గూడూరు. పద్నాలుగేళ్ళకే మేనమామ వెంట సముద్రం ఒడ్డుకు చెక్క పడవలు కట్టడానికి పోయాడు. మేనమామ తిట్టేవాడు కాదట. ఎవడి పలక సందిచ్చిందో వాణ్ణి ఆ పడవలోనే కూర్చోబెట్టి నీళ్ళు తోడించేవాడట. "ఒక్క నూలు తేడాకు పొద్దున్నుంచి మాపటి దాకా తోడినానబ్బయా" అని ఆదెయ్య నవ్వుతూ చెప్తాడు. తర్వాత ఫైబరు పడవలొచ్చి ఆ పని పోయింది. రెండేళ్ళు సర్వి తోటల్లో, అంటే సరుగుడు తోటల్లో, కట్టెలు కొట్టాడు. నలభై దాటాక తలుపులూ కిటికీలూ మొదలుపెట్టాడు. ఇప్పటికీ కొత్త టేపు కొంటే ముందు సెంటీమీటర్ల వైపు భార్య గోళ్ళరంగు పూసేస్తాడు. అడ్డం రాకుండా.

విడవలూరు దగ్గర మా పాత ప్రార్థన మందిరం పైకప్పు విప్పినప్పుడు పదకొండు టేకు దూలాలు దిగాయి. మా తాతల కాలంలో తలా ఒక చెయ్యి వేసి ఎత్తిన దూలాలవి. కొత్త మందిరం కిటికీలన్నీ ఆ చెక్కతోనే చేయాలని పెద్దలు ఆదెయ్యను అడిగారు. ఆయన రెండు రోజులు దూలాల మధ్యే తిరిగి, చివర పగుళ్ళు తీసేస్తే తొంభై ముక్కలు కచ్చితంగా వస్తాయని మాటిచ్చాడు. తొంభై ఒకటో ముక్క రాదు. ఒకటి పొట్టిగా తెగితే ఇంకోటి కోసుకోవడానికి మాకు ఇంకో పాత మందిరం లేదు.

ఏ దూలంలో ఏ ముక్కో వివరంగా జాబితా ఉండాలన్నారు మా సంఘ కార్యదర్శి సంజీవరావు గారు. ఇంజనీరింగు మూడో ఏడు మానేసి ఇంట్లో లాప్‌టాప్ ముందు పడి ఉన్నాను కాబట్టి ఆ పని నాకొచ్చింది. ఆదెయ్య నోటితో చెప్పాడు, నేను స్ప్రెడ్‌షీట్‌లో కొట్టాను. 22 4/8 అని కొడితే గడి దానంతటదే 22 1/2 చేసేసింది. 15 6/8 కాస్తా 15 3/4 అయింది. నాకు ముచ్చటేసింది. భిన్నాన్ని కనిష్ఠ రూపంలోకి తేలేదని బళ్ళో ఎన్ని మార్కులు పోగొట్టుకున్నానో! ఇక్కడ అడక్కుండానే అయిపోతోంది. పెద్ద మేధావిలాగా ప్రింటు తీసి ఇచ్చాను.

"బలే ముద్దుగా ఉండాదే" అన్నాడు ఆదెయ్య, కాగితాన్ని చేయంత దూరం పెట్టి. "నాకు కండ్లు ఆనవు. హజరత్తుకియ్యి, కోసేది వాడే గదా."

హజరత్తయ్య ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గర కోత మిషను నడుపుతున్నాడు.

మర్నాడు కిటికీ అద్దాల కోసం నన్ను నెల్లూరు పంపారు. అద్దాలు కోసే రంగనాయకులు నా కాగితం చూసి గాజు మీద స్కేలు పెట్టాడు.

"పదకొండంగుళాల ఒక నూలు."

"కాదన్నా, పదకొండుంబావు."

"పావని ఎవురు రాస్తారబ్బా? ఆదెయ్య చీటీనే గదా ఇది? పైన ఒకటుండాది, ఒక నూలే."

"కింద నాలుగుంది చూడన్నా."

"కింద చూసే అలవాటు నాకు ముప్పై ఏండ్ల నుంచీ లేదు. కొత్తగా నీకోసం చూడాల్నా?"

హజరత్తయ్య చేతిలో ఉన్నదీ నేనిచ్చిన కాగితమే. పావంటే రెండు నూళ్ళు, ఒకటి కోస్తాడు. అర అంటే నాలుగు, ఒకటే కోస్తాడు. ముప్పావంటే ఆరు, మూడే కోస్తాడు. ఏదీ పొడుగు వైపు తప్పడం లేదు. కుదించిన ప్రతి భిన్నానికీ పైఅంకె చిన్నదైపోయింది. అలాంటి ప్రతి ముక్కా పొట్టిదే.

"కోయొద్దన్నా, ఆపు!" అని రంగనాయకులుకు చెప్పి ఆదెయ్యకు ఫోను కొట్టాను. ఎత్తలేదు. మిషను తిరిగేటప్పుడు ఆయనకు ఫోను వినపడదు. అంటే మిషను తిరుగుతోంది.

బండి ఎలా నడిపానో నాకు గుర్తులేదు. కాలవ మలుపు దగ్గరే రంపం మోత వినిపించింది. నేను లోపలికి ఉరికేసరికి హజరత్తయ్య మిషను ఆపి చెంబెత్తుకుని నీళ్ళు తాగుతున్నాడు.

"ఎన్ని కోసినావన్నా?"

"నలభై."

"పైఅంకె చూసేనా?"

"మరి కిందది చూస్తారా ఎవురైనా?"

పొట్టు కుప్ప మీద కూలబడ్డాను. ఫోనులో సంజీవరావు గారి నంబరు వెతకడం మొదలుపెట్టాను.

"చూసినాడులే ఈ పొద్దు" అంటూ ఆదెయ్య వెనక నుంచి వచ్చాడు. చేతిలో ఒక ముక్క ఉంది. "మొదటి ముక్క ఇది. పదిహేనంగుళాల ఆరు నూళ్ళని నా నోటితో నీకు చెప్పినా. వీడు మూడు కోసినాడు. ఎందుకురా అంటే కాగితం చూపించినాడు. వెలుతుర్లో పెట్టి చూస్తే కింద నాలుగుండాది. నాలుగేంది? మన కొలతకు కింద నాలుగెట్ట వస్తాది?"

"మరి మిగతావి?"

"కింద ఎనిమిదుండే వరసలే కొయ్యమన్నా. ఎనిమిది లేందాన్ని ముట్టుకోవాకన్నా."

ఆ మొదటిది పక్కన పెట్టి మిగతా ముక్కలన్నీ టేపు పెట్టి కొలిచాను. ఒకటో, మూడో, ఐదో, ఏడో నూళ్ళవి. ఆ భిన్నాలు ఇంక కుదించడానికి లేనివి కాబట్టి స్ప్రెడ్‌షీట్ వాటి జోలికి పోలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మిగతా పలకలు గోడ పక్కన, రంపం తగలకుండా. పొట్టు వాసన కూడా అప్పుడే ముక్కుకు తెలిసింది. గుండెల నిండా పీల్చాను.

"ఇంజనీరింగు మానేసి మంచిపని చేసినాడు మేస్త్రీ" అన్నాడు హజరత్తయ్య. "ఈ అబ్బయ్య వంతెన కట్టుంటే మనం దాని మింద పోయుంటాం."

"మొదటి ముక్క సంగతేంది మావా?" అన్నాను.

"చిన్న కిటికీకి పదిహేనంగుళాల ఒక నూలు ముక్క కావాల. రెండు నూళ్ళు తీస్తే దానికిది సరిపోతాది. దానికని పెట్టుకున్న పలక ఇంకా కోయలేదు. చివర పగులుకని అంగుళం వదిలినా, చూస్తే పగులు రెండు నూళ్ళే. పోయిన ముక్క దాంట్లో వస్తాదిలే."

ఇంటికి పోయి లాప్‌టాప్ తెరిచాను. భిన్నాల ఫార్మాట్‌లో ఎనిమిదో వంతులుగా చూపించే ఎంపిక ఒకటుంది. కొలతల గడులన్నీ పట్టి అది నొక్కాను. 22 1/2 మళ్ళీ 22 4/8 అయింది. లోపలి సంఖ్య ఎప్పుడూ మారలేదు, పైకి కనిపించే తీరే మారింది. ఐదు సెకన్ల పని. రంగనాయకులుకు ఫోను చేస్తే, "నువ్వు పరిగెత్తినప్పుడే ఆపేసినా, టీ తాగతా ఉండా" అన్నాడు.

కొత్త కాగితం పెద్ద అక్షరాలతో తెచ్చిచ్చాను. ఆదెయ్య వాకిట్లో నిలబడి వేలితో ఒక్కో వరసా దిగాడు. పైఅంకెలు చూడలేదు. కింద అన్నిట్లో ఎనిమిది ఉందా అని మాత్రమే చూసుకుని హజరత్తయ్యకు ఇచ్చాడు. మిషను మోగింది.

తర్వాత ఆ పొట్టి ముక్కా ఒక ఆకురాయీ నా ఒళ్ళో పెట్టాడు.

"రెండు నూళ్ళు అరగదియ్యి."

"మిషనుంది గదా మావా?"

"ఉండాది."

గంటన్నర పట్టింది. బొటనవేలు బొబ్బెక్కింది. టేకు అంత గట్టిదని నాకు తెలియదు. అయినా లేవబుద్ధి కాలేదు. పక్కన ముక్క తర్వాత ముక్క సరిగ్గా తెగి పడుతుంటే ఆ మోత వింటూ కూర్చోవడమే హాయిగా ఉంది.

"ఎంతయింది?" అని అరిచాడు ఆదెయ్య.

టేపు పెట్టి చూశాను. "పదిహేనంగుళాల ఒక నూలు."

"కింద?"

"ఎనిమిదే, మావా."