క్రిస్మస్ నాడు రేడియోలో మా అమ్మ

పోయిన క్రిస్మస్‌కు మా ఊరి చర్చిలో పాస్టరుగారు ప్రసంగాన్ని ఇరవై నిమిషాల్లో ముగించారు. ఆయన్ని ఎరిగినవాళ్లకు నీళ్లు ద్రాక్షారసం కావడం కంటే ఇదే పెద్ద అద్భుతం. మామూలుగా ఆయన ఆదాము దగ్గర మొదలుపెట్టి పశువుల పాక చేరేసరికి వెనక వరసలో సగం మంది నిద్రపోతారు. ఆ రోజు మాత్రం రేడియో కోసం దేవుడి వాక్యాన్నే కుదించారు. రేడియోలో మా అమ్మ మాట్లాడబోతోంది మరి.

అంతకు నెల ముందు, కోయిలకుంట్ల పక్కనున్న మా ఊరికి జాతీయ రేడియో మనిషొకాయన వచ్చాడు. పల్లెల్లో పండుగ ఎలా చేసుకుంటారో జనం చేతనే చెప్పించి, ఆ ముక్కలన్నీ కలిపి క్రిస్మస్ రోజు తెలుగులో వినిపిస్తారట. చర్చిలో అందరికంటే పెద్ద వయసు మా అమ్మది, ఎనభై దాటింది. ఆమెను అడగమని సంఘ పెద్దలు చెప్పారు.

అమ్మకు రేడియోలో చెప్పాల్సింది ఒకటే ఉంది. చర్చి గోడకు ఒక శిలాఫలకం ఉంది. చర్చి కట్టించిన పెద్దమనుషుల పేర్లు దానిమీద చెక్కారు, అందరూ మగవాళ్లే. లోపల పరిచిన నాపరాళ్లను రెండు మైళ్ల అవతలి గని నుంచి నెత్తిన మోసుకొచ్చింది మాత్రం ఆడవాళ్లు. పగలంతా కూలికి పోయి, పొద్దు వాలాక మోశారు. వాళ్లలో ఇప్పుడు అమ్మతో కలిపి ఐదుగురే మిగిలారు. తాము పోయేలోగా ఆ సంగతి లోకానికి తెలియాలని అమ్మ పట్టుదల.

నేను కర్నూలులో ముప్పై ఏళ్లు తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. తప్పులు దిద్దే జబ్బు మాత్రం రిటైరు కాలేదు. అమ్మ దేశమంతా వినేలా "శానా కష్టపడినాము" అంటే నా పరువేం కావాలి? అందుకని రికార్డింగుకు ముందురోజే కూర్చోబెట్టి ఒక వాక్యం రాసిచ్చి బట్టీ పట్టించాను: "క్రిస్మస్ పండుగ మా గ్రామ ప్రజలందరిలోనూ ఐకమత్యాన్ని, సౌభ్రాతృత్వాన్ని పెంపొందిస్తుంది." ఆ సౌభ్రాతృత్వం అమ్మ నోట తిరగడానికి ఒక పూట పట్టింది.

"ఇదేం మాట నాయనా, నోట్లో రాయి పెట్టుకున్నట్టు ఉండాది," అంది.

"మొదట ఇది చెప్పమ్మా, తర్వాత నీ ఇష్టం," అన్నాను.

అలాగే చెప్పింది. ఆ తర్వాత గంటసేపు రాళ్ల కథ చెప్పింది. రేడియో ఆయన తల ఊపుతూ విన్నాడు, మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీలు తిన్నాడు, "అద్భుతం అమ్మా" అని వెళ్లిపోయాడు.

ఎన్ని గంటలకు వస్తుందో చెప్పలేదు, పొద్దుటి నుంచీ వింటూ ఉండమన్నాడు. మా ఊళ్లో ఇప్పుడు రేడియో సెట్టు ఎవరింట్లోనూ లేదు. నా ఫోనులో రేడియో పెట్టి, దాన్నే చర్చి మైకు సెట్టుకు తగిలించారు. దాంతో చర్చికి రాని వీధులతో సహా ఊరు ఊరంతా ఆ పండుగ ప్రసారానికి బలైంది.

ఏం ప్రసారమది! ఢిల్లీలో ఎవరో రాసినదాన్ని ఇంకెవరో తెలుగులోకి ఈడ్చుకొచ్చి పడేశారు. "మనము జరుపుకొనుచున్నటువంటి ఈ పర్వదినము" అని ఒకాయన మొదలుపెట్టి, అరగంట గడిచినా ఆ పర్వదినం దగ్గరికే చేరలేదు. మా పాస్టరుగారు ముచ్చటపడి "ఏం మాటకారప్పా!" అన్నారు. మేము బంతిలో కూర్చుని పొట్టేలు కూర వడ్డించుకునే వేళకు ఒక డాక్టరమ్మ వచ్చి పండుగ పూట మాంసం తగ్గించి ఆకుకూరలు తినమంది. వడ్డించేవాడి గరిటె ఆగింది. "ఆయమ్మ ఈడ లేదులే, ఎయ్యప్పా," అన్నాడు నా పక్కాయన. ఆ తర్వాత మరో పెద్దమనిషి మెట్టసీమ ప్రజలు తక్కువ నీళ్లతో ఎంత తృప్తిగా జీవిస్తారో వర్ణించాడు. ఆయన్ని మే నెలలో మా బోరింగు దగ్గర ఖాళీ బిందెతో నిలబెట్టాలనిపించింది.

అమ్మ మాత్రం దేనికీ నవ్వలేదు. కొత్త చీర కట్టుకుని, స్పీకరుకు ఎదురుగా కుర్చీ వేసుకుంది. రాళ్లు మోసిన మిగతా నలుగురినీ పక్కన కూర్చోబెట్టుకుంది. అన్నానికి రమ్మంటే "నేను లేసినప్పుడే వస్తాది" అని కదల్లేదు.

మూడు గంటలప్పుడు వచ్చింది. ముందు సన్నాయి. క్రిస్మస్‌కు సన్నాయి ఎందుకో వాళ్లకే తెలియాలి. తర్వాత ఒక అమ్మాయి తీయని గొంతుతో కరువుసీమ అంది, అమాయక జనం అంది. ఆపైన మా సంఘ పెద్ద గొంతు: "ఈ చర్చి మా నాయన, ఆయన స్నేహితులు కట్టించినారు." మగవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ వెనకే అమ్మ: "క్రిస్మస్ పండుగ మా గ్రామ ప్రజలందరిలోనూ ఐకమత్యాన్ని, సౌభ్రాతృత్వాన్ని పెంపొందిస్తుంది." అంతే. మళ్లీ సన్నాయి. దాని వెనక చలికాలంలో చర్మ సంరక్షణ.

గంటసేపు చెప్పిన కథలోంచి ఒక్క రాయి కూడా బయటికి రాలేదు. వాళ్లు ఉంచింది నా వాక్యాన్ని. తప్పుల్లేకుండా, ఎవరినీ నొప్పించకుండా, ఎందుకూ పనికిరాకుండా ఉంది కాబట్టే ఉంచారు. పొద్దుటి నుంచీ రేడియోవాళ్లను ఎగతాళి చేస్తున్నాను గానీ, నేనూ ఆ తానులో ముక్కనే. సిగ్గుతో చచ్చిపోయాను.

సంఘ పెద్ద వచ్చి "శానా బాగా మాట్లాడినావమ్మా" అన్నాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. లేచి వెళ్లి మైకు చేతిలోకి తీసుకుంది.

"ఆ ఫోను ఆపు," అంది నాతో. ఆపాను.

"ఇప్పుడు మీరు ఇనింది నా మాట కాదు. నా కొడుకు రాసిచ్చినాడు." ఊరంతటికీ వినబడుతోంది. "నా మాట ఇప్పుడు చెప్తాండా. లోపల మీరు మోకాళ్లూనే రాళ్లు మేము ఆడోళ్లం మోసినాము, గని కాడ్నించి. ఆ గోడ మింద మా పేర్లు లేవు."

సంఘ పెద్ద ఏదో అనబోతే, నలుగురిలో ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆయన్ని కూర్చోబెట్టింది.

అమ్మ నా వైపు వేలు చూపించింది.

"ఆ పొద్దు నాకు ఏడో నెల. నెత్తిన బండ, కడుపులో వీడు. రెండు బరువులూ నేనే మోసినా. ఇప్పుడు వీడు నాకు మాట్లాడేది నేర్పిస్తాండాడు."