కొత్త అధికారికి కప్పిన శాలువా

కొత్త అధికారి ఎవరో తెలిసిన రోజు మా సెక్షన్లో ఎవరూ టీ తాగడానికి లేవలేదు. కాన్‌బెర్రాలో ప్రభుత్వ అంతరిక్ష కార్యాలయం అది. రెండువేల సంవత్సరం వచ్చేసరికి ఉపగ్రహాల సమాచారం అందుకునే కంప్యూటర్లు తికమకపడకుండా, వాటిలో తేదీలు సరిచేయడం నా పని. పని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఆ వచ్చే మనిషి గురించే. ఒకప్పుడు మంత్రిగారి పేషీలో ఉన్నాడు. నిన్నమొన్నటిదాకా ఒక ప్రైవేటు కంపెనీకి సలహాదారు. మా సెక్షన్ని మొత్తంగా తమకు అప్పగించమని ప్రభుత్వం చుట్టూ తిరుగుతున్నది ఆ కంపెనీయే. కంచే చేను మేయడం సామెతగా ఎన్నోసార్లు విన్నాను గాని, సర్కారే ఆర్డరిచ్చి అలాంటి కంచె నాటించడం అక్కడే చూశాను.

ఆ ఉద్యోగం పోతే పోయేది జీతం ఒక్కటే కాదు. మా వీసాలు ఆ ఆఫీసు మీద ఆధారపడి ఉన్నాయి. శాశ్వత నివాసానికి నా పేరు పంపుతానని పాత అధికారి మాట ఇచ్చాడు. ఆ పని జరగకముందే ఆయన్ని సాగనంపారు. ఇక సంతకం పెట్టాల్సింది కొత్తాయనే. పెట్టకపోతే నేను, మా ఆయన, రెండో తరగతి చదివే మా పాప తిరిగి విమానం ఎక్కాలి. గుంటూరులో మా ఆయన వదిలి వచ్చిన కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు.

"ఒకసారి ఇంటికెళ్ళి కలిసొద్దామే," అన్నాడు మా ఆయన.

"ఇక్కడ ఆఫీసర్లని అట్లా కలవరండీ."

"మడిసనేవాడు ఎక్కడైనా మడిసే. కొత్తగా వచ్చినాయన్ని పలకరించకపోతే పొగరనుకోడూ? పెద్దోళ్ళ దగ్గరికి వట్టి చేతుల్తో మాత్రం పోకూడదు."

మునిగిపోయేవాడికి గడ్డిపోచ కూడా దుంగలాగే కనిపిస్తుంది. సిడ్నీలో మనవాళ్ళ కొట్లుండే పెండిల్ హిల్ నుంచి తెలిసినవాళ్ళ చేత మిఠాయి తెప్పించాను. పెట్టె అడుగు నుంచి జరీ అంచు శాలువా తీశాను. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం బయలుదేరాం. "అమ్మా, యూ కాంట్ జస్ట్ గో టు హిజ్ హౌస్," అని వెనక సీట్లోంచి పాప అంటూనే ఉంది. ఆ పిల్లకున్న తెలివి మా ఇద్దరికీ లేకపోయింది.

కొత్త అధికారి నిక్కరుతో వచ్చి తలుపు తీశాడు. మా ఆయన గబగబా శాలువా కప్పి, రెండు చేతులూ జోడించాడు. అధికారి నవ్వాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు. పక్కనున్న గేటు తీసే ఉంది. వెనక పెరట్లో బార్బీ అనే ఇనప పొయ్యి మీద మాంసం కాలుతోంది. బీరు సీసాతో అక్కడ నిలబడ్డ మనిషిని చూడగానే గుర్తుపట్టాను. మా ఆఫీసుకొచ్చి తమ గొప్పలు చెప్పి వెళ్ళిన ఆ కంపెనీ పెద్ద. నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు.

మర్నాడు మీటింగులో మా అధికారి ఆ శాలువానూ మిఠాయి పెట్టెనూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎంత చిన్నదైనా కానుక కానుకేననీ, ప్రజల నమ్మకం పోగొట్టుకుంటే మనం ఉండి లాభం లేదనీ చెప్పాడు. నా పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఏముంది? ఆ గదిలో జరీ శాలువా తెచ్చే మొహం నాది ఒక్కటే. తల నేలలోకి దిగిపోయింది. అదే గొంతుతో ఆయన తర్వాతి విషయం ఎత్తుకున్నాడు. మా సెక్షన్ని ఆ కంపెనీకే ఇవ్వాలని నిర్ణయించారట. అంతా పారదర్శకంగా జరిగిందట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే సంతకం పెట్టడేమోనని భయం.

కొట్టినా పెట్టలేదు. రెండు రోజుల తర్వాత పిలిచి, నా విచక్షణ మీద అనుమానం వచ్చిందనీ, ఈ పరిస్థితిలో నా పేరు పంపలేననీ మర్యాదగా చెప్పాడు. కంపెనీ తీసుకునేవాళ్ళలో కూడా నేను లేను. నా పక్క సీటులో ఏళ్ళుగా పనిచేస్తున్న ఆస్ట్రేలియా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "యూ షుడ్ హావ్ టేకెన్ బీర్, లవ్," అంది. పాపం, వేళాకోళానికి అనలేదు. ఆవిడ కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి. నేను బాత్‌రూములోకి పోయి ఏడ్చాను. సిగ్గుతో కాదు, ఒళ్ళు మండి.

ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్పాను. లోపల పాప ఇంగ్లీషులో ఏదో పాడుకుంటోంది.

"ఇంకెవరన్నా ఉన్నారా, పోయి అడగడానికి?" అన్నాడు మా ఆయన.

ఇంత జరిగాక కూడా ఆ మాట ఎలా వచ్చిందా అని నాకు పట్టరాని కోపం వచ్చింది. అరవాలని నోరు తెరిచాను.

"సిడ్నీలో ఒక డాక్టరు గారున్నారటండీ," అన్నాను. "ఇప్పుడు గద్దె మీదున్న పార్టీవాళ్ళకి బాగా కావాల్సిన మనిషంట."