ఎక్స్‌పాన్షన్ వచ్చింది

మా బొగ్గు ప్రాంతంలో ఎక్స్‌పాన్షన్ అనే మాటకు ఒకటే అర్థం. ఓపెన్‌కాస్టు గని పెద్దదవుతుంది, పక్కనున్న ఊరు లేచిపోతుంది. బడి మొహం చూడనివాళ్లు కూడా ఈ మాటను తప్పు లేకుండా పలుకుతారు. అందుకే మందమర్రి నుంచి మా బావ ఫోన్ చేసి, "బామ్మర్దీ, ఎక్స్‌పాన్షన్ వచ్చింది. ఇగ మనది కుదరదు" అని పెట్టేసినప్పుడు నాకు ఇంకో అర్థం తట్టలేదు.

నేను గని సర్వే ఆఫీసులో ఉద్యోగమంతా గని హద్దుల పటాలు గీసినవాణ్ణి. బావ ఇల్లు నేను గీసిన ఏ గీతలోపలా లేదు. కాని గీతలు జరుగుతాయి. ఎలా జరుగుతాయో కూడా నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే గోదావరిఖనిలో బస్సెక్కాను. ఇల్లు పోయేవాళ్లు ప్రజాభిప్రాయ సేకరణలో ఏ అభ్యంతరం ముందు చెప్పాలో, ఏది వెనక చెప్పాలో దారి పొడుగునా మనసులో సర్దుకున్నాను. తీరా వెళ్లేసరికి బావ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు.

"ఎన్ని ఇండ్లు పోతున్నయి బావా?"

"ఏం ఇండ్లు?"

"ఎక్స్‌పాన్షన్ అంటివి గద."

నన్ను ఎగాదిగా చూసి మళ్లీ తెర వైపు తిరిగాడు. "ఆటది" అన్నాడు.

ఆ ఆట సంగతి చెప్పాలి. నిరుడు మా అక్క పోయింది. బావ గనిలో ఓవర్‌మెన్‌గా షిఫ్టులు నడిపించిన మనిషి. యంత్రాల చప్పుడు మీద అరిచి అరిచి, గని పైకి వచ్చాక కూడా అదే గొంతుతో మాట్లాడేవాడు. అక్క పోయాక ఆ గొంతు "ఊ" దగ్గర ఆగిపోయింది. ఫోన్ చేస్తే ఊ, ఇంటికి పోతే ఊ. చూసి చూసి మా అమ్మాయి ఇద్దరి కంప్యూటర్లలోనూ ఒకే ఆట వేయించింది. పాతకాలపు రాజ్యాల ఆట. కట్టెలు కొట్టాలి, బంగారం తవ్వాలి, సైన్యం పెంచి అవతలివాడి కోట కూల్చాలి. సాయంత్రం ఫోన్ పక్కన పెట్టుకుని ఆయన అక్కడ, నేను ఇక్కడ.

మొదటి రోజే బావ బంగారు గని చూసి ఆట ఆపేశాడు. "ఇంత తవ్వుతున్నరు, మట్టి గుట్టలేవి? తీసిన మట్టంత ఏడ పోస్తున్నరు?" అని అడిగాడు. ఆ ఆటలో పనివాళ్లకు టోపీ లేదు, దీపం లేదు, దిగిన షిఫ్టు మళ్లీ పైకి రాదు. ఆయన మాత్రం కాసేపు తవ్వించి వాళ్లను గని దగ్గరనుంచి పక్కకు తెచ్చి నిలబెట్టేవాడు, కొత్తవాళ్లను పంపేవాడు. ఆ మార్చే సమయంలో నా గుర్రాలు ఆయన కోట కూల్చేవి. యూనియన్‌లో ఉన్నప్పుడు అధికారులను అనలేకపోయినవన్నీ అప్పుడు నన్ను అనేవాడు. నా డైరీలో ఆ సాయంత్రాల దగ్గర గెలుపోటములకంటే తిట్లే ఎక్కువ చోటు తీసుకున్నాయి. మా అమ్మాయికి కావలసింది కూడా అవే.

ఇప్పుడు ఆటకు ఎక్స్‌పాన్షన్, అంటే అదనపు భాగం, వచ్చిందట. మందమర్రి బజారులో కంప్యూటర్ దుకాణం అతను చెప్పి, ఇంటికొచ్చి వేసిపోయాడు. కొత్త రాజ్యాలు, కొత్త ఏనుగులు. ఆ రాజ్యాలలో ఒకటి మన గోదావరి ఒడ్డుది. కాని ఇద్దరి దగ్గరా అదే ఉంటే తప్ప కలిసి ఆడలేరు. అంతకు ముందే మా అమ్మాయి, ఎక్స్‌పాన్షన్ అనే మాట ఎత్తకుండా, కొత్త రాజ్యాలొచ్చాయి నీకూ వేయిస్తానంటే, ఉన్న రాజ్యాలే పూర్తిగా అర్థం కాలేదు, కొత్తవెందుకు, ఇది నా సిద్ధాంతం అని ఆమెతోనూ, ఫోన్‌లో బావతోనూ గట్టిగా చెప్పి ఉన్నాను.

"మన రాజ్యం చూడు" అని బావ పక్కన కుర్చీ వేశాడు. ఒక పనివాణ్ణి మౌస్‌తో నొక్కితే వాడు హిందీలో పలికాడు.

"మనోళ్లంటివి. హిందీ మాట్లాడుతున్నడేంది?"

"మట్టి తీసే కాంట్రాక్టుల కాడ అందరు ఉత్తరాదోళ్లేనాయె, ఇంకేం మాట్లాడుతరు?" అన్నాడు బావ.

"మరి ఎవలతోటి ఆడుతున్నవ్?"

"ఎవలో. ఏ దేశపోళ్లో. నిన్నటి సంది నలుగురితోని ఆడిన."

"ఏమంటరు?"

"ఏమనరు. గెలుస్తరు, పోతరు." తెర మీది పనివాణ్ణి మళ్లీ నొక్కాడు. "నేను తిట్టిన. వాళ్లకు ఇనవడదట."

బస్సులో సర్దుకున్న అభ్యంతరాలన్నీ వదిలేసి లేచి చాయ పెట్టాను. చాయ తాగుతుంటే ఆయనే, గ్లాసులోకి చూస్తూ, "దుకాణపోన్ని తీసేయమందునా దాన్ని?" అని అడిగాడు. యూనియన్ మనిషి సర్వే ఆఫీసు మనిషిని సలహా అడగడం మా ప్రాంతంలో తరచుగా జరిగేది కాదు.

"వచ్చిన ఎక్స్‌పాన్షన్ ఎన్నడన్న వెనక్కి పోయిందా బావా? నేనే వేయించుకుంట" అన్నాను.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి, "సిద్ధాంతం అన్నవ్ గద బాపూ?" అంది.

"ప్రజాభిప్రాయ సేకరణ అయింది బిడ్డా."

"ఎంతమంది వచ్చిన్రు?"

"ఒక్కడే. ఎక్కువ మాట్లాడలేదు."

మరుసటి సాయంత్రం బావ గోదావరి రాజ్యం తీసుకున్నాడు. నేనూ అదే తీసుకున్నాను. "మన రాజ్యం మీదికి మన రాజ్యమే వస్తదారా? సిగ్గుండాలె" అని మొదలుపెట్టాడు. ఏనుగుల మందను సిద్ధం చేసి ఆయన గోడ దాకా నడిపించాను. అటువైపు కాపలా లేదు. బావ మనుషులంతా నదిలో చేపలు పడుతున్నారు.

"ఇన్ని చేపలేం జేస్తవ్ బావా, సైన్యం పెంచక?"

తెర మీద ఆయన పడవ ఇంకొకటి నదిలోకి దిగింది.

"మీ అక్క చేపల పులుసుల చింతపండు ఎక్కువేస్తుండె" అన్నాడు. "ఎన్నేండ్లు చెప్పినా ఇనలే. పుల్లగుంటది తింటవా తినవా అనేది. తింటుంటి."

ఆమె పోయాక ఆమె మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఏనుగులు గోడకు ఆనుకుని ఉన్నాయి. ఒక్కసారి నొక్కితే కోట లేదు. వాటిని వెనక్కి తిప్పి, చెట్ల దగ్గర నిలబెట్టాను. అది బావకు కనిపించింది.

"ఏనుగులను మర్లేసినవేంది? భయపడ్డవా?"

"ఆ, భయపడ్డ. నువ్వు పులుసు సంగతి చెప్పు."