ఎసరు మరిగాక గుర్తొచ్చిన బియ్యం

మొన్న శనివారం పొద్దున్నే పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ వచ్చి, వాళ్ళ పిల్లాడి స్కౌట్ క్యాంప్‌కి ఒక స్లీపింగ్ బ్యాగ్ కావాలని అడిగింది. క్లాజెట్ పై అరలోంచి మాది దింపి విప్పేసరికి ఇంగువ వాసన గుప్పుమంది. నాలుగేళ్ళయింది, రెండుసార్లు ఉతికాను, అయినా వదల్లేదు. ఇంగువకున్న పట్టుదల నాకుంటే ఈపాటికి ఎన్ని డైట్లు పూర్తిచేసి ఉండేదాన్నో. ఆవిడ మొహమాటపడుతూ "పర్లేదండీ, కాసేపు బాల్కనీలో ఆరేస్తాలెండి" అని పట్టుకెళ్ళింది. ఆవిడ వెళ్ళిపోయినా వాసన మాత్రం గదిలోనే ఉండిపోయింది. కాఫీ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, ఆ అక్టోబర్ నెల తలుచుకుంటూ.

అప్పటికి మా అమ్మాయి బోస్టన్‌లో కాలేజీ రెండో ఏడు చదువుతోంది. చేరిన కొత్తలో రోజూ ఫోన్ చేసేది. తర్వాత వారానికోసారి, ఆ తర్వాత "ఐయామ్ గుడ్ అమ్మా, ట్రెయిల్‌లో ఉన్నాను" అని ఒక మెసేజ్. హైకింగ్ క్లబ్‌లో చేరిందట. శని ఆదివారాలు ఏ కొండ మీద ఉంటుందో, ఎవరితో ఉంటుందో, ఏం తింటుందో నాకు తెలిసేది కాదు. అడిగితే చెప్పేది, అడగకపోతే లేదు. అలాంటి పిల్ల ఒకరోజు తనే ఫోన్ చేసి, న్యూ హాంప్‌షైర్ కొండల మీద ఒక హట్‌లో మనందరికీ బెడ్లు బుక్ చేశాను, నాన్నా నువ్వూ రండి, పెద్దమ్మా వాళ్ళనీ రమ్మను అంది. నాకు వీసా స్టాంపింగ్ అయినంత సంతోషం వేసింది. జార్జియాలో, కమ్మింగ్‌లో ఉండే మా అక్కకి వెంటనే ఫోన్ చేశాను. మా బావగారికి కొండలంటే ఇష్టమే, కాకపోతే కార్ పార్కింగ్ ఉన్న కొండలంటే. అక్క ఎలా ఒప్పించిందో కానీ టికెట్లు కొనిపించింది.

ఆ హట్ సంగతి అమ్మాయి వివరంగా చెప్పింది. వేసవి అంతా అక్కడ వండిపెట్టే వాళ్ళు ఉంటారు. చలి మొదలవగానే వాళ్ళు దిగిపోతారు, చూసుకోవడానికి ఒక్క మనిషి మిగులుతాడు. స్టవ్వూ గిన్నెలూ ఉంటాయి. తిండి, పడుకునే బ్యాగులు మనమే మోసుకెళ్ళాలి, చెత్త మళ్ళీ మనమే కిందకి మోసుకురావాలి. స్పీకర్‌లో ఫోన్ మాట్లాడకూడదన్నది కూడా ఆ రూల్స్‌లో ఉందో, పెదనాన్న కోసం అది కలిపిందో తెలియదు. తిండికి పాస్తా తెస్తానంది. మేం ఊరుకుంటామా? "నువ్వేం పట్టుకురాకు తల్లీ, తిండి సంగతి మాకొదిలెయ్" అన్నాం. "ఆర్ యూ ష్యూర్?" అంది. ష్యూర్ అనే చెప్పాం.

ఆ రాత్రే వాట్సాప్‌లో గ్రూప్ పెట్టాం. ఎవరేం తేవాలో లిస్ట్ రాసింది అక్క. గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి తనవి. ఆవకాయ, నిమ్మకాయ, పెరుగు, చల్ల మిరపకాయలు నావి. అప్పడాలు బావగారి పూచీ. గరిటె, నూనె, పేపర్ ప్లేట్లు మా ఆయన. పదకొండు వస్తువులు లెక్కకి వచ్చాయి. ఎవరి పేరు పక్కన వాళ్ళు టిక్కులు పెట్టుకుని, ఆఫీసులో ప్రాజెక్ట్ పూర్తిచేసినంత గర్వపడ్డాం. కందిపొడిలో అక్క ఇంగువ ధారాళంగా వేసింది. కొండ ఎక్కే ముందు, సీసా పగలకుండా ఉంటుందని నేనే దాన్ని నా స్లీపింగ్ బ్యాగ్ మధ్యలో చుట్టాను.

కొండ ఎక్కడం గురించి ఎక్కువ చెప్పను. మూడు మైళ్ళే అన్నారు కానీ ఆ మైళ్ళు న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరో మైళ్ళు కావు. దారి అనుకున్నది కాసేపటికి వాగు అయ్యేది, కాసేపటికి రాళ్ళ గుట్ట అయ్యేది. ఆకులన్నీ పసుపూ ఎరుపూ అయి కాళ్ళ కింద తడిగా మెత్తగా ఉన్నాయి. బావగారు ప్రతి మలుపులోనూ ఎంత దూరం అని అడిగారు, అమ్మాయి ప్రతిసారీ "ఆల్మోస్ట్ దేర్" అంది. అక్క మాత్రం పొద్దున్నే చర్చికి ఆలస్యమైన దానిలా తల వంచుకుని ఎక్కేసింది. అమ్మాయి ముందు నడుస్తూ, ప్రతి పెద్ద రాయి దగ్గరా ఆగి, ఎక్కడ కాలు పెట్టాలో చూపిస్తూ ఉంటే నాకు వింతగా ఉంది. ఇంట్లో తన సాక్సులు ఎక్కడున్నాయో నన్నడిగే పిల్ల.

హట్ చిన్న చెక్క ఇల్లు, ముందు ఒక చెరువు, వెనక బోసి కొండ. లోపల మన రైల్లో స్లీపర్ బోగీలాగా మూడంతస్తుల బెర్తులు. ఆడా మగా అందరికీ అదే గది అని తెలిసి అక్క గోడవైపు మూల వెతుక్కుంది. బావగారు సీనియర్ సిటిజన్‌నంటూ లోయర్ బెర్త్ పట్టేశారు. మేం కాక ఇంకో ఆరేడుగురున్నారు, ఎవరి గొడవ వాళ్ళది, ఎవరి సూప్ వాళ్ళది. చూసుకునే ఆయన నెరిసిన గడ్డంతో, రిటైరయిన లెక్కల మాస్టారులా ఉన్నాడు. స్టవ్ వెలిగించడం చూపించి వెళ్ళి తన పుస్తకం తెరుచుకున్నాడు. పొద్దు ఇంకో గంటన్నర ఉంది. ఆకలి నకనకలాడుతోంది. నేను చేతులు కడుక్కుని, పెద్ద గిన్నెతో ఎసరు పెట్టాను. అక్క పచ్చళ్ళు బయటకి తీసి వరుసగా పేర్చింది. ఎసరు తెర్లింది. "బియ్యం ఇలా ఇవ్వండి" అన్నాను.

అక్క మా ఆయన వైపు, మా ఆయన బావగారి వైపు చూశారు.

"నువ్వు తేలేదా?" అంది అక్క. "ఇంటి నుంచి కార్‌లో వచ్చేదానివి నువ్వు కదే, నువ్వే తెస్తావనుకున్నా."

"లిస్ట్‌లో నువ్వు రాయలేదు కదక్కా."

"బియ్యం కూడా రాస్తారా ఎవరైనా?"

నిజమే, ఎవరూ రాయరు. మంచినీళ్ళు అని రాస్తామా? మా ఇళ్ళల్లో అన్నం ఎలాగూ ఉండే వస్తువు, దాని చుట్టూ ఏం పెట్టాలన్నదే ఆలోచన. మా ఆయన బ్యాగులన్నీ ఒకసారి వెతికి, బియ్యం మొదటిసారి సిగ్గుపడి దాక్కున్నాయేమో అన్నట్టు రెండోసారి కూడా వెతికారు. మూడు పచ్చళ్ళు, ఒక పొడి, నెయ్యి, పెరుగు. కలుపుకోవడానికి మెతుకు లేదు.

బావగారు బెర్త్ మీంచి లేచారు. "ఇలాక్కాదు. కిందకి దిగిపోదాం. కార్‌లో టౌన్‌కి వెళ్తే ఏదో ఒకటి దొరుకుతుంది" అన్నారు. మా ఆయన అవునన్నట్టు తలూపారు. నేను మా అమ్మాయి వైపు చూశాను. బల్ల దగ్గర కూర్చుని అంతా విన్నది. కోప్పడలేదు. "ఓకే పెదనాన్న. కానీ ఇప్పుడే వెళ్ళాలి, చీకటి అయితే రాక్స్ కనిపించవు" అని లేచి, అప్పుడే పరిచిన తన స్లీపింగ్ బ్యాగ్ మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. చుట్టాక తలకి కట్టుకునే లైట్లు ఒక్కొక్కటీ వెలిగించి చూసి పక్కన పెడుతోంది. ఆ శాంతం చూసే నాకు భయమేసింది. ఆకలి కాదు నా బాధ. ఈ పిల్ల మమ్మల్ని భద్రంగా దింపుతుంది, ఒక్క మాట అనదు, ఇంకెప్పుడూ పిలవదు. నాకది స్పష్టంగా తెలిసింది. తన లోకంలోకి ఒక్కసారి తలుపు తీస్తే మేం గడప దగ్గరే బోర్లా పడ్డాం.

"ఎవరూ దిగట్లేదు" అన్నాను. స్టవ్ తగ్గించి, గడ్డం ఆయన దగ్గరికి నడిచాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. "పరాయి వాళ్ళని తిండి అడుగుతావా?" ఎవరింటికి వెళ్ళినా ఇప్పుడే తిని వచ్చామని అబద్ధమాడే పెంపకం మాది. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే. "అడుగుతాను" అని చెయ్యి విడిపించుకున్నాను. నా ఇంగ్లీష్ ఆ రోజు ఎటు పోయిందో, అన్నం లేకుండా అన్నంలోకి అన్నీ తెచ్చామని చెప్పడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. ఆయన నవ్వలేదు. శ్రద్ధగా విని, లోపలికి వెళ్ళి, వేసవిలో వంటవాళ్ళు మిగిల్చిన రేకు డబ్బా ఒకటి తెచ్చాడు. ఓట్సు. జావ కాచుకునే రేకుల్లాంటివి కాదు, విరగ్గొట్టిన గింజలు, అచ్చం నూకల్లా ఉన్నాయి. బావగారు డబ్బాలోకి తొంగి చూసి "భూమ్మీద మనకింకా నూకలున్నాయన్నమాట" అని మళ్ళీ బెర్త్ మీద కూర్చున్నారు.

అవి ఉడకడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో అక్క సన్నటి మంట మీద అప్పడాలు కాల్చింది. అప్పడం పొంగి, మెలి తిరిగి, బుడగలెత్తుతుంటే పక్క బల్ల మీద ముసలి దంపతులు సూప్ వదిలేసి వచ్చి చూశారు. తర్వాత ఇంకో ఇద్దరు. అక్క ఎవరినీ ఏమీ అడక్కుండా చేతుల్లో తలో అప్పడం పెట్టేసింది. ఉడికిన ఓట్సు మీద నెయ్యి, కందిపొడి, గోంగూర వేసి కలిపి, గడ్డం ఆయనకి మొదటి ప్లేటు ఇచ్చాను. నిజం చెప్పొద్దూ, రుచి అన్నం రుచి కాదు. కొంచెం జిగురు, కొంచెం గడ్డి వాసన. కానీ ఆ చలిలో ఆ వేడి ముద్ద గొంతు దిగుతుంటే మా ఆయన కళ్ళు మూసుకున్నారు. అక్క తినబోయే ముందు తల వంచి ప్రార్థన చేసుకుంది, మామూలు కన్నా రెండు మాటలు ఎక్కువే. దేవుడికి వివరణ ఇచ్చుకుంటోందేమో అనుకున్నాను.

అప్పుడు వినిపించింది మా అమ్మాయి గొంతు. ముసలావిడ పక్కన కూర్చుని, మా కథంతా ఇంగ్లీషులో చెబుతోంది. పదకొండు వస్తువుల లిస్టు, టిక్కులు, నాన్న రెండుసార్లు వెతకడం, అన్నీ. చెబుతూ చెబుతూ నవ్వు ఆపుకోలేక మా వైపు తిరిగి, "అమ్మా, పెదనాన్న రైస్ బదులు ఏం తెచ్చాడో చెప్పు" అంది. పెద్దవాళ్ళని మన్నించి మాట్లాడటం దానికి ఎప్పుడూ అబ్బలేదు. బావగారు లేచి, జనం ముందు అప్పడాల పాకెట్ పైకెత్తి చూపించారు. అందరూ నవ్వారు. మమ్మల్ని దాచుకోకుండా, తన వాళ్ళని నలుగురికీ చూపించుకుంటున్న పిల్లని చూసి నా కడుపు నిండింది. చుట్టిన స్లీపింగ్ బ్యాగ్ ఎప్పుడు విప్పి పరిచిందో నేను చూడలేదు.

మర్నాడు దిగేటప్పుడు రాళ్ళు మంచు పేరుకుని జారుతున్నాయి. మగవాళ్ళూ అక్కా వెనకగా వస్తున్నారు. నేను ఒక్కో రాయి మీదా కూర్చుని కూర్చుని దిగుతున్నాను. అమ్మాయి నాలుగడుగుల కింద నిలబడి, చెయ్యి పైకి చాపి ఆగింది. ఈ కొండకి అవతల ఇంకో హట్ ఉందట, వచ్చే సంవత్సరం రెండు రాత్రులు ఉందామంది. నేను తలూపాను. "నిన్ను లేట్ చేస్తున్నానా?" అన్నాను.

"నో రష్ అమ్మా. స్లోగా రా. నేను ఇక్కడే ఉన్నాను."

దానికి ఊహ తెలిసినప్పటి నుంచీ నా నోట ఎక్కువగా విన్న మాట "త్వరగా". త్వరగా తిను, త్వరగా బూట్లేసుకో, బస్ వచ్చేస్తుంది, నాకు మీటింగ్ ఉంది, ఏం చెప్పాలో త్వరగా చెప్పు. సగం మాటలు అది ఆ తొందరలో చెప్పకుండానే మింగేసి ఉంటుంది. నేను దిగేవరకూ ఆ చెయ్యి అలాగే చాపి ఉంది. దాని చిన్నప్పుడు నేను ఇవ్వలేకపోయిన టైంని, పెద్దయ్యాక అది నాకిచ్చింది.