ఆ గోడను ఖాళీ చేయండి

మీరు అబద్ధం చెబుతున్నారు. పాత పనిముట్లంటే ప్రాణమని అంటారు గానీ వాటిని మీరు ఎన్నడూ ప్రేమించలేదు. మీ హాల్లో గోడకు తగిలించిన చేట ఉంది చూడండి, వార్నిష్ పూసి, అంచుకు జరీ కుట్టించినది, దాంతో ఒక్క పూటన్నా బియ్యం చెరిగినారా? హోటలు గేటు కాడ నిలబెట్టిన బండి చక్రం పక్కన ఫోటో దిగినారే, ఆ చక్రం చేసిన వడ్రంగి ఇప్పుడు యాడ కూలికి పోతున్నాడో అడిగినారా? అడగరు. మీకు కావాల్సింది పని మానేసిన పనిముట్టు. నోరు లేనిది, మట్టి అంటనిది, ఫోటోకు బాగుండేది.

ఇంత కోపం దేనికంటే, మా చిన్నాయన పోయినాడు.

మా నాయనకు తమ్ముడు. సిరుగుప్ప తాలూకాలో, దేశనూరు దాటినాక కాలువ కింద మా ఊరు. నేను బళ్లారిలో పాఠాలు చెప్పుకుంటూ, సభల్లో అరుస్తూ, పత్రికలకు ఇట్లాంటివి రాస్తూ బతుకుతున్నా. ఆ పొద్దున ఫోను చేసింది మా ఇంటివాళ్ళు కాదు, హనుమక్క. కూలికి పోయే మనిషి. మా చిన్నాయనతో ఏండ్ల తరబడి తగువులాడి, ఆయన చేతికింద సగం మెకానిక్ అయిన మనిషి.

"అక్కా, మీ చిన్నాయన పోయినాడు. రాత్రి రొట్టె బాగానే తినె. పొద్దున లేపితే లేయలేదు. నిదానంగా రా. మేమంతా ఎవురి కాడ ఉండేవి వాళ్ళు తెచ్చి గోడకు పెడతాండాము."

ఆ చివరి మాట అప్పుడు నా తలకెక్కలేదు. ఇంటికి పోయి చూసినాక ఎక్కింది. అది చెప్పాలంటే ముందు ఆ గోడ సంగతి చెప్పాలి.

వయసులో ఉన్నప్పుడు మా చిన్నాయన దోణిమలైలో గనుల కాడ కొన్నేండ్లు హెల్పరుగా చేసినాడు. అక్కడి వర్క్‌షాపులో పలక మీద ప్రతి పానా చుట్టూ దాని ఆకారం రంగుతో గీసి ఉండేదంట. పానా తీసుకుపోతే గోడకు దాని గీత మిగులుతుంది. ఏది పనికి పోయిందో, ఏది ఊరికే ఉందో ఒక్క చూపుకు తెలుస్తుంది. ఆ కొండల నుంచి ఆయన తెచ్చుకున్నవి రెండే, సరిగా వినపడని ఒక చెవి, ఈ గీతల ఆలోచన. ఎద్దులు పోయినాక కొట్టం గోడకు సున్నం కొట్టి, కాలిన ఇంజను ఆయిల్లో మసి కలిపి, తన దగ్గర ఉన్నవన్నీ గీసినాడు. కొడవళ్ళు, గడ్డపారలు, కలుపు తీసే దోకుడుపారలు, బాడిశ, రంపం. వాటి పక్కనే పానాలు, గ్రైండరు, గడ్డి కోసే బ్రష్ కట్టరు. అన్నిటికంటే పైన మా తాత విత్తనం వేసిన గొర్రు. పాతవి ఒక వైపు, కొత్తవి ఒక వైపు అని ఆయన పెట్టలేదు. చెయ్యి అందే ఎత్తును బట్టి పెట్టినాడు.

ఆ కొట్టానికి తలుపు ఉంది, బీగం లేదు. ఎవరైనా రావచ్చు, తీసుకుపోవచ్చు, అడగక్కర్లేదు. ఒకటే షరతు. "పట్టుకపోయినదానికంటే పదునుగా తేవల్ల."

సాయంత్రం కొట్టం ముందర మంచమేసుకుని ఆ గోడ చూస్తూ కూర్చునేవాడు. ఖాళీ గీతలు ఎన్ని ఎక్కువ ఉంటే ఆయనకు అంత సంబరం. "ఈ పొద్దు ఊరు పని చేసిందమ్మా" అనేవాడు. కాలువకు నీళ్ళు రాక గోడ నిండుగా ఉండిపోయిన ఏడు, మా చిన్నమ్మ వడ్డించిన అన్నం సగంలోనే చెయ్యి కడిగేవాడు. నిండిన గోడంటే ఆయన లెక్కలో కరువు.

ఆయుధ పూజ నాడు ఊరంతా పనిముట్లకు పసుపు, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, వాటిని ఆ రోజు కదిలించరు. మా చిన్నాయన ఆ పొద్దు ఒక నూనె సీసా, గుడ్డపేలికలు పెట్టుకుని కొట్టంలో కూర్చునేవాడు. ఊరి పెద్దలకు కడుపుమంట. "ఏమప్పా, ఈ పొద్దు గూడా కెలసమేనా?" అని పని చేస్తున్నందుకు దెప్పితే తల ఎత్తకుండానే చెప్పేవాడు. "తుప్పుకు భక్తి తెలీదప్పా. కుంకం కింద గూడా పడతాది."

ఆయనేదో పాతకాలం మనిషని మురిసిపోకండి. ఆ మురిపెం కూడా మీ అబద్ధంలో భాగమే. తాలూకాలో ఏ మూలకు కొత్త మిషను వచ్చినా సైకిలేసుకుని పోయేవాడు. ముందు నిలబడి చూసే రకం కాదు, కింద పడుకుని పైకి చూసే రకం. మందు చల్లే డ్రోను మొదటిసారి మా పొలాల మీదికి వచ్చినప్పుడు, డెబ్బై దాటిన మనిషి గెనిమ గట్టు మీద పరుగెత్తినాడు. అది దిగినాక దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నడిపే ఆయనను అడిగినాడు.

"దీనికి గ్రీజు యాడ పెడతారప్పా?"

"గ్రీజు ఉండదు తాతా. బ్యాటరీ."

"చెడిపోతే?"

"మనం విప్పకూడదు. కంపెనీకి పంపల్ల."

మా చిన్నాయన దాని రెక్కను వేలితో మెల్లగా తిప్పి చూసి, "బంగారం లాంటి వస్తువు. ఏం లాభం, కొత్తల్లుడు లెక్క ఉండాది. మర్యాదలన్నీ చెయ్యల్ల, ఎదురు మాట చెప్పకూడదు" అన్నాడు. ఆ నడిపే ఆయన నవ్వి నవ్వి కూలబడినాడు. తర్వాత రెండు రోజులు మా చిన్నాయన దాని వెనకే తిరిగి, ఎగరేయడం నేర్చుకున్నాడు గూడా. విప్పనియ్యలేదన్న బాధ మాత్రం పోలేదు.

దేవుడేం కాదు ఆయన. మా ఇంటికి వచ్చినప్పుడు బాగున్న మిక్సీని విప్పి, తిరిగి బిగించి, రెండు మరలు మిగిల్చి, "ఇవి కంపెనీవాడు ఎక్కువ పెట్టినాడు" అని నా చేతిలో పోసినాడు. ఆ మిక్సీ మళ్ళీ తిరగలేదు. ఆ మరలు మాత్రం ఉన్నాయి.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. వరికోతకు హార్వెస్టరు మొదటిసారి మా ఊరికి వచ్చిన ఏడు, నేను బళ్లారి నుంచి ఎర్ర అక్షరాల గుడ్డ పట్టుకుని పోయి, కూలి ఆడవాళ్ళను పోగు చేసి, దాని ముందర బాటకడ్డం కూర్చున్నా. మిషను కూలి జనం కడుపు కొడుతుందని అరిచినా. ఆ మిషనుకు దారి చూపిస్తూ ముందు నడుస్తున్నది మా చిన్నాయనే. నా దగ్గరికొచ్చి నీళ్ళచెంబు ఇచ్చినాడు.

"నినాదం బాగుందమ్మా. తాగు. తాగినాక ఈ ఒక్క మడి కోసి, వచ్చి మళ్ళ కూచో." చేతిలో కొడవలి పెట్టినాడు.

రోషం కొద్దీ దిగినా. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మడిలో మూలకు కూడా చేరలేదు. వేలు తెగింది, నడుము లేవలేదు. హనుమక్క నా బ్యానరు గుడ్డే చివర చింపి వేలికి కట్టింది. "అక్కా, మైకు నీవు పట్టుకో, కొడవలి మేము పట్టుకుంటాము" అంది. ఆడవాళ్ళంతా నవ్వినారు. నాకు మండింది.

"అంటే ఈ మిషను రావల్లంటావా?"

"వద్దని మేము యాడ చెప్తిమి? నీవు అరవమంటివి, అరిస్తిమి. దాని మీద కూచుంటారా అని మమ్మల్ని ఎవురన్నా అడిగిరా?"

కొడవలి ఆమె చేతికిచ్చి గట్టెక్కినా.

మా చిన్నాయన నన్ను మడి మూలకు తీసుకుపోయినాడు. "చూడమ్మా, ఈ ఏనుగు మూలలో తిరగలేదు. తిరగల్లంటే ముందు నాలుగు మూలలూ చేత్తో కోసి దానికి జాగా ఇయ్యల్ల. మిషనుకు దారి ఇచ్చేది కొడవలే. మూలలు మావి, అవి కోసినాకే మిషను దిగల్ల, అని అడుగు. అది గట్టిగా అడుగు, నేనూ వచ్చి కూచుంటా."

వచ్చి కూర్చున్నాడు. మూడు రోజులు పట్టింది. ఆనాటి నుంచి మా ఊళ్ళో కూలివాళ్ళు మూలలు కోయనిదే హార్వెస్టరు మడిలోకి దిగదు. ఆ తర్వాత హనుమక్కకూ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకూ తన పవర్ టిల్లరు నడపడం నేర్పినాడు. ఊళ్ళో మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని, "చీర చక్రంలో పడతాదప్పా" అని ఎగతాళి. మా చిన్నాయన ఒకాయన వైపు తిరిగి, "నీ పంచె పడిన పొద్దు చక్రం విప్పి తీసింది ఎవురప్పా?" అన్నాడు. అరుగు ఖాళీ అయింది.

హనుమక్కది ఎడంచేతి వాటం. కొడవలికి కక్కు, అంటే ఆ పళ్ళు, కుడిచేతికి తగినట్టు కొడతారు. ఎడంచేత్తో లాగితే తెగదు, జారుతుంది. మేస్త్రి ఆమెను వంకర చెయ్యి అని తిట్టేవాడు, ఆమె కూడా తప్పు తన చెయ్యిదేననుకునేది. మా చిన్నాయన ఒక పూట ఆమె కోత చూసి, కొడవలి తీసుకుని సిరుగుప్పలో కమ్మరి దగ్గరికి పోయి, కక్కు రెండో వైపు కొట్టమన్నాడు.

"ఇట్లాంటిది ఎవురూ కొనరప్పా" అన్నాడంట కమ్మరి.

"ఒకరు కోస్తారు, చాలు."

గోడ మీద కొడవళ్ళన్నీ ఒక వైపు తిరిగి ఉంటాయి. అదొక్కటే ఎదురు తిరిగి ఉంటుంది. సమానత్వం మీద నేను చాలా రాసినా. ఆ గీత చూసినప్పుడల్లా సగం చింపేయాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆయన పోయిన రోజుకు వస్తా. వాకిట్లో ఆయనను పడుకోబెట్టినారు. నేను ఏడ్చి, నీళ్ళకని కొట్టం వైపు పోయి, తలుపు తీసినా. గోడ నిండుగా ఉంది. ఒక్క గీత ఖాళీ లేదు. ఊళ్ళో ఎవరి దగ్గర ఏది ఉంటే అది, పదును పట్టి, నూనె పూసి, బొట్టు పెట్టి, తెచ్చి దాని జాగాలో తగిలించినారు. ప్రతిదానికీ చెండుపూవు. బ్రష్ కట్టరుకు కూడా. గౌరవంతోనే చేసినారు, నాకు తెలుసు. ఆయనకు బాకీ పడకూడదని తెచ్చినారు. కానీ ఆయన చచ్చిపోయినాడని నాకు నిజంగా తెలిసింది శవం చూసినప్పుడు కాదు. ఆ గోడ చూసినప్పుడు.

పదకొండో రోజు భోజనాలయినాక బేరం మొదలైంది. సండూరు కొండల వైపు ఎక్కడో రిసార్టు కడుతున్న ఒకాయన వచ్చి గోడకు ఫోటోలు తీసినాడు. "ఈ గీతలతో సహా మొత్తం తీసుకుపోయి అద్దం వెనక పెడతాము. లైట్లు పెడతాము. నడుమ పెద్దాయన ఫోటో." ఊరి పెద్దలకు కోపం వచ్చింది. "ఊరి వస్తువు ఊళ్ళోనే ఉండల్ల. బీగం వేసి, ఏటా ఆయుధ పూజకు తెరిచి హారతి ఇద్దాం." ఇద్దరూ గొంతులు చించుకున్నారు. ఇద్దరికీ కావాల్సింది ఒకటే, నిండిన గోడ. ఆ మాటే అన్నా.

చిన్నాయన కొడుకు చెడ్డవాడు కాదు. బళ్లారిలో ఉద్యోగం, ఊరికి నెలకోసారి వస్తాడు. అలసిపోయి ఉన్నాడు. "నీకు అన్నిటికీ కొట్లాటేనక్కా. ఇప్పుడు వాడేవాళ్ళు యాడ ఉండారు? తుప్పు పట్టి పోయేకంటే ఆడ పదిమంది చూస్తారు గదా."

వాకిట్లో గిన్నెలు తోముతున్న హనుమక్క లేచింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, కొట్టంలోకి పోయి, తన కొడవలి దించుకుని, దాని పూవు తీసి మేకుకు తగిలించి బయటికి వచ్చింది.

"యాడ ఉండారంటే ఈడే ఉండారప్పా. రేపు కాలువ కింద మిషను దిగతాది. మూలలు ఎవురు కోస్తారు, ఈయనా?"

రిసార్టాయన ఫోను పైకెత్తినాడు. "అమ్మా, కొడవలితో ఒక్క నిమిషం అట్లే నిలబడండి."

"రేపు మడికి రాప్పా. కోసేటప్పుడు తీసుకో" అని వెళ్ళిపోయింది.

నేను కొట్టంలోకి తొంగి చూసినా. అన్ని పూల నడుమ ఒక్క నల్ల గీత, ఎదురు వైపు తిరిగి, ఖాళీగా ఉంది. పదకొండు రోజుల తర్వాత నాకు ఆకలేసింది.

గోడ ఇచ్చేదీ లేనిదీ అమావాస్యకు చెబుతానన్నాడు తమ్ముడు. అంతదాకా నోరు మూసుకుని కూర్చునే అలవాటు నాకు లేదు. అడిగేవి ఇవి.

కొట్టానికి బీగం వేయకూడదు.

రిసార్టుకు ఒక్క సుత్తి కూడా పోకూడదు.

గోడ మీద ఆయన ఫోటో పెట్టకూడదు. ఆ జాగా పెద్ద పానాది.

ఊరివాళ్ళు అమావాస్య లోపలే వచ్చి ఎవరికి కావాల్సింది వాళ్ళు పట్టుకుపోవాలి. పూలు తీసేసి నూనె పూయాలి.

పవర్ టిల్లరు తాళంచెవి దాన్ని నేర్చుకున్న ఆడవాళ్ళ దగ్గరే ఉండాలి.

హార్వెస్టరు దిగేముందు మూలలు కూలివాళ్ళవి. ఆయన పోయినాడని ఆ మాట తప్పకూడదు.

మిషన్లు అమ్మేవాళ్ళు విప్పడానికి వీలయినవి అమ్మాలి. ఎట్లా విప్పాలో తెలుగులో, కన్నడలో రాసియ్యాలి.

మీ హాల్లోని చేటను దించండి. చెరగడం చేతకాకపోతే చేతనయిన మనిషికి ఇచ్చేయండి.

ఆ గోడ ఏ రోజు నిండినా ఎవరో ఒకరు పోయి ఒకటి తీసి పనికి పోవాలి.

ఎడంచేతి కొడవలిని తిరిగి తెమ్మని హనుమక్కను ఎవరూ అడగకూడదు.